పారాచూట్‌లో పసుపుదారం

దేవుడి పేరు చెప్పి పెట్టిన బెత్తెడు పసుపుదారం మనిషిని కాపాడుతుందా, వాడి ప్రాణానికే అడ్డం పడుతుందా? ఏడేళ్లుగా ఈ అనుమానాన్ని మోస్తున్నాను. ప్రతి మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేస్తూ స్వామిని ఇదే అడుగుతాను. మోకాళ్లు నొప్పి పెడతాయి గానీ జవాబు రాదు. పోనీ పూజారిగారిని అడుగుదామంటే, ఏం దారం, ఎక్కడ పెట్టావు అని ఆయన అడుగుతారు. అది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నా పేరు సీతారాములు. మాది పోచంపల్లి దగ్గరి చేనేత కుటుంబం. మగ్గం మీద బతుకు సాగదని ఇంటర్ పాసవగానే వైమానిక దళంలో చేరాను. విమానాలు నడపడానికి కాదు, పారాచూట్లు మడతపెట్టడానికి. ఇరవై ఏళ్లు ఆ పనే చేశాను. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలకు పాలిష్ పట్టి చుట్టిచ్చే చిన్న దుకాణం నడుపుతున్నాను. గుడ్డ మడతపెట్టడం తప్ప నాకు ఇంకో విద్య రాదు.

పారాచూట్ మడతకు ఒక పద్ధతి ఉంది. తేమ లేని గదిలో పొడవాటి బల్ల మీద గుడ్డ పరుస్తాం. తాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి, మెలిక లేకుండా సవరిస్తాం. మా అమ్మ మేకుల చుట్టూ నూలు తిప్పి ఆసు పోసేటప్పుడు దారాలు లెక్కపెట్టినట్టే పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవాణ్ణి. మడతలన్నీ అయ్యాక పనిముట్లు లెక్క చూసుకోవాలి. ఏడు పనిముట్లతో మొదలుపెడితే ఏడూ బల్ల మీదికి తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా అంతా విప్పాల్సిందే. లోపల గుండుసూది కూడా మిగలకూడదు. ఆ తర్వాత మడతపెట్టినవాడు కార్డు మీద సంతకం చేస్తాడు. పై ఉద్యోగి చూసి దాని కింద తన సంతకం చేస్తాడు.

మేం ఎల్.బి.నగర్‌లో కిరాయికి ఉన్న రోజుల్లో పక్క పోర్షన్‌లో లలితమ్మ ఉండేది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. కూతురు పుట్టిన ఏడాదికే భర్త పోతే, జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకింది. పెద్దవాడు శ్రవణ్‌కుమార్. నేను సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే పట్టుకునేవాడు. "మామా, విమానం తలకిందులైతే పైలట్‌కు నెత్తురు ఎటు పోతది?" నాకు తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియనిది కనుక్కుని చెప్పేవాణ్ణి. ఒకసారి అన్నాను, "ఊకె నన్ను అడుగుడెందుకు? నువ్వే పోయి చూసి రా." వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ మాట అప్పటిదాకా వాడితో ఎవరూ అనలేదు.

వాడు పైలట్ అవుతానని పట్టుబడితే లలితమ్మ భయపడింది. అప్పుడు నేనే ఆమెకు ధైర్యం చెప్పాను. "పైన వాడుంటే కింద నేనున్న గద చెల్లె. వాని పారాచూట్ మడతపెట్టేది నేనే అనుకో."

నోటికొచ్చి అన్నమాట అది. కానీ నాలుగేళ్ల తర్వాత అదే జరిగింది. శ్రవణ్ శిక్షణకు వచ్చిన స్థావరానికే నన్నూ బదిలీ చేశారు.

మావాళ్లకు శ్రావణ పున్నమి అంటే నూలు పున్నమి. కొత్త జంధ్యం వేసుకుని, పసుపు రాసిన నూలుదారాన్ని అయినవాళ్ల చేతులకు కడతాం. మా నాన్న మగ్గానికి కూడా ఒకటి కట్టేవాడు. ఆ పున్నమి నాడు శ్రవణ్ చేతికి కడదామని ఒక దారం జేబులో వేసుకుని డ్యూటీకి వెళ్లాను. వాడు కనబడలేదు. బల్ల మీద ఉన్న పారాచూట్ ఆ వారం వాడు ఎగరవలసిన విమానానిదని బోర్డు చూసి తెలుసుకున్నాను. ఆఖరి మడత దగ్గరికి వచ్చేసరికి మగ్గం ముందు వంగిన మా నాన్న గుర్తొచ్చాడు. దారాన్ని కళ్లకద్దుకుని మడతలో దోపేశాను. పనిముట్లు లెక్కపెట్టాను. ఏడుకు ఏడూ ఉన్నాయి. దారం పనిముట్టు కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

పన్నెండో రోజున శ్రవణ్ ఒంటరిగా ఎగిరాడు. ఇంజన్ ఆగిపోయింది. కింద ఇళ్లున్నాయని విమానాన్ని పక్కకు తిప్పి, బాగా కిందికి వచ్చాక బయటపడ్డాడట. పారాచూట్ సగమే విచ్చుకుంది.

ఎత్తు చాలలేదు, పారాచూట్‌లో లోపమేమీ లేదు అని విచారణలో తేల్చారు. నన్ను కూడా పిలిచారు. పద్ధతి ప్రకారమే మడతపెట్టాను సార్ అన్నాను. దారం గురించి వాళ్లు అడగలేదు. నేను చెప్పలేదు. ఆ సంవత్సరమే ఉద్యోగం వదిలి, ఇల్లు సైదాబాద్‌కు మార్చేశాను. లలితమ్మ గడప మళ్లీ తొక్కలేదు.

ఇంత జరిగాక పిల్లలకు విమానాల కథలు చెప్పడం మానేశానంటే అది అబద్ధం. దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో, ఒక చెప్పుల షాపు పైన మూడో అంతస్తులో ఉపేంద్ర అనే కుర్రవాడు డిఫెన్స్ పరీక్షలకు కోచింగ్ నడుపుతాడు. నేను వైమానిక దళంలో చేశానని తెలిసి ఆదివారాలు వచ్చి పిల్లల్లో ఉత్సాహం నింపమన్నాడు. మొదటిసారి మొహమాటానికి వెళ్లాను. తర్వాత వెళ్లకుండా ఉండలేకపోయాను. నా మాట విని వెళ్లినవాళ్లలో ఇద్దరు పైలట్లయ్యారు. క్షేమంగా ఉన్నారు. వాళ్లు క్షేమంగా ఉన్నారని తెలిసిన ప్రతిసారీ నాకు కొంచెం ఊపిరి ఆడేది. ఆ కొంచెం ఊపిరి కోసమే వెళ్తున్నానా అని అప్పుడప్పుడు అనిపించేది. అది మంచి పనేనా అని కూడా.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ముందు వరసలో జ్యోతిక కూర్చుని కనబడింది. శ్రవణ్ చెల్లెలు. అవే కనుబొమలు, మాట వినేటప్పుడు తల అలాగే ఒక పక్కకు వంచడం. క్లాసు అయ్యాక దగ్గరికొచ్చి అంది, "మామా, అన్నకు చెప్పినట్టే నాకు కూడ అన్నీ చెప్పాలె."

వద్దని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

జూన్ చివర్లో జ్యోతికకు వైమానిక దళం సెలక్షన్ కాగితం వచ్చింది. రాతపరీక్ష, అయిదు రోజుల ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష, అన్నీ గట్టెక్కింది. పైలట్‌గా పనికొస్తారో లేదో చూసే పరీక్ష ఒకటుంది. అది బతుకులో ఒక్కసారే రాయనిస్తారు. అదీ పాసైంది. గురువారం రైలు. ఆ ముందు ఆదివారం ఉపేంద్ర సన్మానం పెట్టాడు.

మెట్లెక్కుతుంటేనే గోడ నిండా ఫ్లెక్సీ కనబడింది. ఒక పక్క శ్రవణ్, ఒక పక్క జ్యోతిక. 'అన్న బాటలో చెల్లి' అని పెద్ద అక్షరాలు. శ్రవణ్ ఫొటో చుట్టూ బంతిపూల దండ బొమ్మ వేశారు. ఆ దండ అక్కడితో ఆగకుండా జ్యోతిక ఫొటోను కూడా చుట్టేసింది. నా కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి.

"ఉపేంద్రా, గా ఫ్లెక్సీ తీసేయ్."

"ఎందుకంకుల్? పన్నెండు ఫీట్లు. మస్తు వచ్చింది గద."

"దండ చూడు. బతికున్న పిల్లకు దండేసిన్రు."

"అరే, సన్మానానికి దండెయ్యరా అంకుల్? మీరు మరీ ఇదైతున్నరు. పదండి, పిల్లలు ఎదురుచూస్తున్నరు."

లోపల నలభై మంది ఉన్నారు. ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచాడు.

"సార్, మీరు ఎన్నిసార్లు దుంకిన్రు సార్?"

"ఒక్కసారి కూడా దుంకలేదు బిడ్డా."

"మరి మీరు మడతపెట్టింది కరెక్టో కాదో మీకెట్ల తెలుస్తది సార్?"

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నా దగ్గర తయారుగా ఒక జవాబు ఉంది. "ఇప్పటిదాక ఒక్కరు కూడా వాపసొచ్చి బాగలేదని చెప్పలే."

క్లాసంతా గొల్లుమంది. ఉపేంద్ర బల్ల చరిచాడు. జ్యోతిక మాత్రం నవ్వలేదు. తల పక్కకు వంచి నన్నే చూస్తోంది. ఇన్నేళ్లూ ఆ మాట ఎలా అనగలిగానా అని నాకు మొదటిసారి సిగ్గేసింది.

సన్మానం అయ్యాక జ్యోతిక మెట్ల దగ్గర నా వెనకే వచ్చింది. చేతిలో శాలువా ఉండచుట్టి పట్టుకుంది.

"మామా, అమ్మ సంతకం పెడ్తలేదు."

శిక్షణలో చేరేటప్పుడు ఇవ్వాల్సిన కాగితాల్లో తల్లిదండ్రుల ఒప్పుకోలు ఒకటి. జ్యోతికకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. తల్లి సంతకం లేకుండా వాళ్లు చేర్చుకోరు.

"ఏమంటుంది అమ్మ?"

"ఏం అంటలేదు. కాగితం దేవుని పటం ముంగట పెట్టింది. మంగళారం నువ్వొచ్చి చెప్తె సంతకం పెడ్తదట."

"నేనేం చెప్పాలె?"

"అన్న పారాచూట్ల ఏ తప్పు లేకుండెనని కర్పూరం మీద చెయ్యి పెట్టి చెప్పాలట." నా ముఖం చూసింది. "గంతే గద మామా? వచ్చి ఒక్క మాట చెప్పు. లేకుంటె నా రెండేండ్ల కష్టం మన్నుల కలుస్తది."

సరే బిడ్డా అన్నాను. కింద రోడ్డు మీద బస్సులు, బేరాలాడే గొంతులు, ఇవేవీ కాసేపు నాకు వినబడలేదు.

సోమవారం నాగోల్ వెళ్లాను. శ్రవణ్ పారాచూట్ కార్డు మీద నా సంతకం కింద సంతకం చేసింది సాంబమూర్తిగారు. గుంటూరు వైపు మనిషి. రిటైరై అక్కడే ఫ్లాటు కొనుక్కున్నారు. మెట్రో దిగి నడిచి వెళ్లేసరికి బాల్కనీలో కూర్చుని ఉన్నారు. అవతల మూసీ మీద మబ్బు దిగి ఉంది.

"ఏంటయ్యా సీతారాములూ, దారి తప్పావా? కూర్చో, కాఫీ తాగుదువుగాని."

"సార్, ఒకటి అడుగుతా. శ్రవణ్ పారాచూట్ సంతకం పెట్టేముందు మీరు మడత విప్పి చూసిన్రా?"

ఆయన నవ్వారు. "నువ్వు పెట్టిన మడత నేను విప్పడమా? సాలెవాడి చెయ్యి, ఇస్త్రీ కూడా అక్కర్లేదని అనేవాళ్లం కదూ. పైపైన చూసి సంతకం పెట్టేశాను. ఇప్పుడెందుకా సంగతి?"

ఆయన చూసి ఉంటారు, దారం తీసి పారేసి ఉంటారు, నాకు చెప్పడం మరిచిపోయి ఉంటారు. ఏడేళ్లుగా మనసులో ఒక మూల దాచుకున్న ఆశ అది. ఆ ఆశ అంతటితో పోయింది. ఇక దాచి ఏం లాభమని జరిగింది చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"దారం వల్ల పారాచూట్ ఆగదయ్యా," అన్నారు. "ఎత్తు చాల్లేదు. రాసిచ్చారు కదా."

"దారం వల్ల ఆగలేదని మీరు కర్పూరం మీద చెప్పగల్తరా సార్?"

ఆయన మూసీ వైపు చూశారు. "చెప్పలేను."

లేచి నిలబడితే చెయ్యి పట్టుకున్నారు. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి. "నా మాట విను. వెళ్లి చెయ్యి పెట్టి చెప్పేసెయ్. ఆ పిల్ల వెళ్తుంది, తల్లి నిద్రపోతుంది. నిజం చెప్తే ఎవరికి లాభం? ఆ కార్డు మీద నీ సంతకం ఒక్కటే లేదు, గుర్తు పెట్టుకో." లిఫ్టు దాకా సాగనంపే మనిషి ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు.

ఆ సాయంత్రం దుకాణంలో నా భార్య సుమిత్ర నా చేతిలోని చీర లాక్కుంది. "ఏంది గంత పరేషాన్? తిరగేసి చుడుతున్నవ్. గీ చీర కట్టుకుంటె ఆ పెండ్లిపిల్ల లోపలిది బయటికి కనబడుతది."

ఆమెకు కూడా ఏడేళ్లుగా చెప్పలేదు. నవ్వబోయాను, రాలేదు.

మంగళవారం పొద్దున స్వామి చుట్టూ పదకొండు తిరిగాను. ఈసారి అనుమానం అడగలేదు. అబద్ధం ప్రమాణం చేస్తే ఆ పాపం నాకే తగలాలి, పిల్లకు తగలకూడదు, ఈ మాట అడుగుదామని వెళ్లాను. తీరా నిలబడ్డాక నోరు రాలేదు. మొదటిసారి రక్ష పెట్టానని అనుకున్నాను, ఏం జరిగిందో చూశాను. ఇప్పుడు మళ్లీ పిల్ల మంచి కోసమే అంటూ ఇంకోటి దాచబోతున్నాను. అది కూడా మడతలో దోపడమే కదా? స్వామి ఏమీ అనలేదు. ఎప్పుడూ అనడు.

చింతలకుంట వైపు ఒక సందులో లలితమ్మ ఇప్పుడుంటున్న ఇల్లు. ఆషాఢం గాలి రేకులను లేపి కొడుతోంది. మిట్టమధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది. కరెంటు లేదు. తలుపు తీసే ఉంది. లోపల కుట్టుమిషను పక్కకు జరిపి, దేవుడి పటాల ముందు పీట వేసి ఉంచింది. పటాల పక్కనే శ్రవణ్ ఫొటో. దీపం దగ్గర కాగితం, కాగితం మీద పెన్ను. ఇత్తడి పళ్లెంలో కర్పూరం బిళ్ల. జ్యోతిక గోడకానుకుని నిలబడింది.

"కూసుంటవా అన్నా, నిలబడే చెప్తవా?" అంది లలితమ్మ. బాగా చిక్కిపోయింది. గొంతు మాత్రం అదే.

కూర్చున్నాను.

"నాకు సదువు రాదు. సర్కారోళ్లు ఇంగ్లీషుల కాగితమిచ్చిన్రు. ఏముంది దీంట్ల అంటె ఎత్తు సాల్లేదన్నరు. అందరు ఏదో ఒకటి చెప్పిన్రు. కింద నేనున్న అని మాటిచ్చిన నువ్వే ఏం చెప్పలే." అగ్గిపుల్ల గీసి కర్పూరం వెలిగించింది. "ఇప్పుడు చెప్పు. నా కొడుకు పారాచూట్ల ఏ తప్పు లేదను. గీ ఒక్క మాట నీ నోటితోని వింటె, బిడ్డను పంపుత."

మంట చిన్నదే. చెయ్యి చాపాను. సెగ అరచేతికి తగిలింది. ఒక్క మాట అంటే చాలు, కాగితం మీద సంతకం పడుతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ప్రమాణం చెయ్యలేను చెల్లె."

తర్వాత అంతా చెప్పాను. నూలు పున్నమి, జేబులో దారం, ఆఖరి మడత, పనిముట్ల లెక్క, విచారణలో నా నోటి నుంచి రాని మాట. చెబుతుండగానే కర్పూరం ఆరిపోయింది. పళ్లెంలో మసి మిగిలింది. బయట ఎవరిదో రేకు ఎగిరి పడ్డ చప్పుడైంది. ఎవరూ అటు చూడలేదు.

ముందు మాట్లాడింది జ్యోతిక.

"ఎంత పొడుగు మామా?"

"బెత్తెడు."

"తాడుకు కట్టినవా, ఊకెనే పెట్టినవా?"

"ఊకెనే పెట్టిన."

"మరి అడ్డం పడ్డదా?"

"తెల్వది బిడ్డా. ఏడేండ్ల సంది గదే తెల్వది."

లలితమ్మ శ్రవణ్ ఫొటో వైపు చూస్తోంది. నా వైపు తిరగకుండానే అంది, "మెయిన్ రోడ్డు మీద కూరగాయలు కొంటుంటె నువ్వు బస్సుల పోవుడు చూస్తుంటి. నన్ను చూసి మొఖం అటు తిప్పుకుంటుంటివి. నా మీద కోపమా, నా కొడుకు మీద కోపమా అని పరేషానైతుంటి. గిదా సంగతి."

"చెల్లె, నీ కాళ్లు మొక్కుత. జ్యోతికను పంపకు. నేను కూడ చెప్త, పోవద్దని."

ఆమె గిర్రున తిరిగింది. "పొమ్మన్నదీ నువ్వే, వద్దనేదీ నువ్వేనా? నా ఇద్దరు పిల్లల నసీబు నీ నోట్లనే ఉన్నదా అన్నా? జర మమ్ముల కూడ మాట్లాడనియ్యి."

ఆమె కూతురి వైపు చూసింది.

"విన్నవు గద. ఇంక పోతవా?"

"పోత."

"అన్న కోసమా?"

"కాదమ్మా. అన్న బాట, అన్న కల అని వాళ్లు ఫ్లెక్సీల రాసుకున్నరు. అన్న మొఖమే నాకు సగం యాదికి లేదు." జ్యోతిక కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నాకు ఎగరాలని ఉంది. భయం కూడ ఉంది. రెండూ నావే."

దీపం వత్తి గాలికి వంగి లేస్తోంది. అది ఆరిపోతుందేమోనని నేను దాన్నే చూస్తున్నాను. లలితమ్మ కాగితం ఒళ్లోకి తీసుకుంది.

"నువ్వు తప్పు లేదంటె సంతకం పెడ్తుంటి," అంది నాతో. "పిల్ల పోయినంక రోజు నీ అబద్ధానికే దీపం పెట్టుకుంటుంటి." తర్వాత జ్యోతికతో అంది, "విను. పైకి పోయేముందు నీ గుడ్డ మడతపెట్టెటోని దగ్గరికి పో. పేరు అడుగు. ఇంట్ల ఎవరెవరున్నరో అడుగు. అడిగి, అన్నా, నా మీద ప్రేమతోని దాంట్ల ఏం పెట్టకు అని చెప్పు. రోజు చెప్పు."

ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. ఆమె పేరు గీత దాటి కిందికి జారింది. కాగితం కూతురికి ఇచ్చేసి, ఇక దాని వైపు చూడలేదు.

"మామా," అంది జ్యోతిక, కాగితాన్ని కవరులో పెడుతూ. "గీ సంగతి మీ ఆఫీసోళ్లకు రాసియ్యాలె నువ్వు. ఇంకెవరన్న గట్లనే పెడుతున్నరేమో."

సాంబమూర్తిగారి చల్లని వేళ్లు గుర్తొచ్చాయి. నా పింఛను గుర్తొచ్చింది. "రాస్త," అన్నాను. అనగానే భయమేసింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

ఇక వెళ్లొస్తానని లేచాను. లలితమ్మ అడ్డం వచ్చింది.

"ఎటు పోతున్నవ్? కూసో."

"మళ్లొస్త చెల్లె."

"వానికి పదకొండో దినం చేసిన్నాడు నీకు విస్తరేసిన. వచ్చినోళ్లంత తిన్నరు, పోయిన్రు. మా అన్న వస్తడని దీపాలు పెట్టేదాక గా విస్తరి తియ్యలే. ఈగలు ముసిరినయ్. మందిల నాకు తలకాయ తీసేసినట్టయ్యింది." లోపలికి వెళ్లి మోదుగాకు విస్తరి తెచ్చి నా ముందు వేసింది. "గా ముద్ద నువ్వు నాకు బాకీ ఉన్నవ్. తినిపో."

అన్నం పెట్టింది. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. అన్నీ శ్రవణ్‌కు ఇష్టమైనవే. పొద్దున్నే వండి పెట్టుకున్నట్టుంది. నేనేం చెప్పినా, ఈ అన్నం పెట్టాలని ముందే అనుకుందేమో. జ్యోతిక నీళ్ల చెంబు జరిపింది. లలితమ్మ ఎదురుగా కూర్చుని, నేను మింగే ప్రతి ముద్దనూ చూస్తోంది. కొసరి వడ్డించలేదు, చాలా అని అడగలేదు. బయట వాన మొదలై రేకుల మీద ఒక్కసారిగా కొట్టింది. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

విస్తరి మడవబోయి ఆగిపోయాను. శుభకార్యంలో తింటే మన వైపుకు మడుస్తాం. చావింటి భోజనమైతే అవతలి వైపుకు. ఎల్లుండి ఈ ఇంట్లోంచి పిల్ల ప్రయాణం. ఏ వైపుకు మడవాలో తెలియక ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాను.

లలితమ్మకు అర్థమైంది.

"అవతలికే మడువు," అంది. "గిది వాని అన్నం. దాని ప్రయాణానికి గురువారం వేరే పెడ్త. సుమిత్ర వదినెను తోలుకొని రా."

విస్తరిని అవతలి వైపుకు మడిచి లేచాను.